ఎర్రమొరం మీద మనవాళ్ళ ఊరు

మన చోడవరానికి రైలు లేదర్రా. మీరు పుట్టేసరికీ లేదు, నేను పుట్టేసరికీ లేదు. మా తాత పుట్టేసరికైతే ఈ జిల్లా మొత్తం మీద ఎక్కడా పట్టా పడలేదు. బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ రైల్వే అని సర్కారువారు 1893 నుంచి 1896 లోపల ముక్కలు ముక్కలుగా తెరిచేరు. తుని, ఎలమంచిలి, కశింకోట, అనకాపల్లి మీంచి వాల్తేరు వెళ్ళింది ఆ దారి. సముద్రం వారన చదును నేల చూసుకుని పోయింది. మనం కొండల పక్కన ఉన్నాం, అంచేత మన వాటాకి అనకాపల్లి స్టేషనే వచ్చింది. ఇక్కణ్ణుంచి బెల్లం దిమ్మలు బళ్ళకెత్తి, పైన తాటాకు చాపలు కప్పి, రాత్రంతా నడిపించుకెళ్తే తెల్లారగట్ల అనకాపల్లి తగిలేది.

ఆ బెల్లం బండి వెనకే మా తాత కూడా నడిచి వెళ్ళేడు. బండి ఖాళీ అయి తిరిగొచ్చింది, ఆయన రాలేదు. వాల్తేరు పోయి, అక్కణ్ణుంచి ఖరగ్‌పూర్ పోయేడు. నేను పుట్టింది, చదివింది, నౌకరీ చేసింది అంతా అక్కడే. మీరంతా నన్ను ‘రైల్వే తాత’ అంటారు కదా, అసలు రైల్వే తాత ఆయన. ఈ ముచ్చట మీ నాన్నలకి చెప్పేను, వాళ్ళు సగం విన్నారు. మీరు మొత్తం వినండి. ఆ పక్కన చెరకు పిప్పి ఉంది, ఇంకో చారెడు మంటలోకి తొయ్యండి.

అప్పట్లో ఊరు విడిచి ఎందుకు వెళ్ళేరంటే, ఉండి తినడానికి లేక. ధాత కరువు అని మీరు పుస్తకాల్లో చదివుంటారు, 1876లో మొదలైంది. దాని దెబ్బ ఎక్కువ సీమ జిల్లాల మీద పడింది. మళ్ళీ 1896, 97ల్లో వానలు ఎగ్గొట్టినప్పుడు మన పక్క కూడా గింజ కరువైంది. మా తాత వాళ్ళు నలుగురు అన్నదమ్ములు. ఉన్న మెట్టని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కొక్కడికి చోళ్ళు చల్లుకునేంత కూడా రాదు. కూలికెళ్దామంటే ఊళ్ళో అందరూ కూలోళ్ళే.

వెళ్ళేవాళ్ళకి అప్పుడు రెండు దారులుండేవి. ఒకటి రంగం, అంటే బర్మాలో రంగూన్. భీమిలి రేవులోనో, విశాఖ రేవులోనో, కాకినాడలోనో స్టీమరెక్కితే అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలి. ఈ జిల్లాల్లో రంగం పోయినవాడు లేని ఊరు వెతికినా దొరకదు. రెండో దారి రైలు కూలి. మేస్త్రీలు సంతలకి వచ్చి మనుషుల్ని పోగేసుకునేవారు. మా తాతని ఇద్దరు మేస్త్రీలూ అడిగేరట. వాళ్ళమ్మ తేల్చేసింది: “సముద్రం దాటితే నీ ముఖం నేనెలాగ చూస్తాను? రైలైతే, ఏదైనా అయితే ఆ పట్టాలట్టుకుని నడిచైనా వచ్చేస్తావు.” ఆ తల్లి మాట మీద మా వంశం అంతా అటు తిరిగింది. ఆమె రైలుని కంటితో చూసిన మనిషి కాదు. అయినా ఎంత సరిగ్గా లెక్క కట్టిందో చూడండి. 1941 డిసెంబరులో జపానోళ్ళు రంగూన్ మీద బాంబులేసినప్పుడు మనవాళ్ళు ఎంతమంది అడవులట్టుకుని, కొండలెక్కి, దారిలో పిల్లల్ని పోగొట్టుకుని వచ్చేరో! మా తాత అన్నదమ్ముల్లో ఒకడు అలాగ వెనక్కొచ్చినవాడే. ఆయన ఆ నడక గురించి చివరిదాకా నోరు విప్పలేదు.

సరే, ఖరగ్‌పూర్ సంగతి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అని 1887లో పెట్టిన కంపెనీ ఒకటుండేది, అందరూ బీఎన్నార్ అనేవారు. వాళ్ళు నాగపూర్ నుంచి తూర్పుకి పట్టాలు పరుచుకుంటూ వచ్చేరు. కటకం నుంచి ఖరగ్‌పూర్ దాకా 1899 మొదట్లో తెరిచేరు. 1900లో కోలాఘాట్ దగ్గర రూపనారాయణ నది మీద వంతెన లేచింది, ఇక హౌరా కలిసిపోయింది. మన ఈస్ట్ కోస్ట్ దారిని కూడా సర్కారు రెండు ముక్కలు చేసింది. వాల్తేరుకి ఇవతలిది 1901లో మద్రాసు కంపెనీకి, అవతలిది 1902లో బీఎన్నార్‌కి ఇచ్చేసింది. అంచేత అనకాపల్లిలో ఒక కంపెనీ బండి ఎక్కి, వాల్తేరులో దిగి, ఇంకో కంపెనీ బండి ఎక్కాలి. మా తాత వెళ్ళింది ఆ మార్పు జరిగిన కొత్తలోనే. ఆయనకి పద్దెనిమిదేళ్ళు.

వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ దాదాపు 770 కిలోమీటర్లు. ఇప్పుడు మెయిలెక్కితే ఒక రాత్రి, ఒక ఝాము. అప్పట్లో ఆగుతూ ఆగుతూ పోయేది. నాగావళి దాటేరు, వంశధార దాటేరు. అక్కడిదాకా ఏ స్టేషన్లో నీళ్ళడిగినా తెలుగులోనే ఇచ్చేరట. బరంపురం దాటి, చిలక సరస్సు వారన బండి నడిచేసరికి మాట మారిపోయింది. తర్వాత మహానది. అంత పొడుగు వంతెన చూసి లోపల ఉన్నవాళ్ళంతా దండాలెట్టేరు. అది దాటితే బ్రాహ్మణి, దాని తర్వాత నది పేరేటని పక్కవాణ్ణి అడిగితే, వైతరణి అన్నాడట! ఇక చూడండి. గరుడ పురాణం విన్నవాళ్ళు కదా అందరూ. చచ్చినవాళ్ళు దాటవలసిన నదిని బతికుండగా దాటుతున్నాం అని ఒకడు ఏడుపు అందుకున్నాడు, ఇంకొకడు మొలలోంచి కానీ తీసి నీళ్ళలోకి విసిరేడు. మా తాత మటుకు కళ్ళు మూసుకుని మన స్వయంభూ వినాయకుణ్ణి తలుచుకున్నాడట, మొదటి జీతంతో కొబ్బరికాయ కొట్టిస్తానని. ఆ మొక్కు తీర్చడానికి మనియార్డరు పంపించేడు కూడా. వాళ్ళమ్మే వెళ్ళి కొట్టింది.

దిగేసరికి అక్కడ ఊరనేది లేదు. ఎర్రమొరం నేల, కనుచూపు మేర బయలు, అక్కడక్కడ సాల చెట్లు. కొంచెం ఉత్తరంగా కసాయి నది, దాని అవతల మేదినీపురం. అది పాత పట్నం, కచేరీలూ అవీ అక్కడే. ఇవతల ఇందా అనే చోట ఖడ్గేశ్వరుడి గుడి, ఆ స్వామి పేరునే ఖరగ్‌పూర్ అన్నారని చెప్పుకుంటారు. భీముడు హిడింబిని పెళ్ళాడిన బయలు ఇదేనని కూడా అక్కడివాళ్ళు చెప్పేవారు. ఎత్తు నేల, వరద ఎక్కని నేల. హౌరా దారి, కటకం దారి, టాటానగర్ పక్క దారి, మేదినీపురం మీంచి ఆద్రా పోయే దారి నాలుగూ అక్కడే కలుస్తాయి. కంపెనీకి ఇంకేటి కావాలి? అక్కడే పెద్ద వర్క్‌షాపు కడతామన్నారు. ఇంజన్లు, పెట్టెలు, వ్యాగన్లు అన్నీ బాగుచేసే చోటు. దానికి వేల మంది కావాలి. ఆ చుట్టుపక్కల రైతులు పొలం విడిచి రాలేదు. అంచేత అన్ని పక్కల నుంచీ జనం దిగేరు. ఎగువ నుంచి బీహారీలు, ఛత్తీస్‌గఢ్ వాళ్ళు, కటకం పక్క నుంచి ఒడియావాళ్ళు, గంజాం, విశాఖ జిల్లాల నుంచి మనవాళ్ళు. చదువుకున్న గుమాస్తాలు బెంగాలీలు, ఇంజన్ల మీద ఆంగ్లో ఇండియన్లు.

మా తాత మొదట గ్యాంగులో చేరేడు. గ్యాంగంటే ఏటో మీకు తెలీదు, చెప్తాను వినండి. పట్టా కింద స్లీపరు ఉంటాది, అప్పట్లో సాల కర్రవి. స్లీపరు కింద కంకర ఉంటాది. బండి పోయినప్పుడల్లా ఆ కంకర కాస్త జారుతాది, స్లీపరు కుంగుతాది. మళ్ళీ సమం చెయ్యాలి. ఒక్కో స్లీపరుకి నలుగురు, ఇటిద్దరు అటిద్దరు, బీటర్లు పట్టుకుని కంకరని పట్టా కిందకి దట్టించాలి. నాలుగు దెబ్బలూ ఒక్క తీరుగా పడాలి. ఒకడిది గట్టిగా ఒకడిది మెత్తగా పడితే స్లీపరు ఊగుతాది. అందుకే పాట. పాట లేకుండా గ్యాంగు పని లేదు. ఒకడు అందుకుంటే మిగతావాళ్ళు ఆ దరువుకి బీటరు దించేవారు. పనయ్యేక మేటు, అంటే గ్యాంగు పెద్ద, బోర్లా పడుకుని, చెంప పట్టాకి ఆనించి, ఒక కన్ను మూసి ఆ పొడుగునా చూసేవాడు. ఎక్కడ గింజంత పల్లం ఉన్నా పట్టేసేవాడు. వేసవిలో ఆ పట్టాకి చెంప ఆనించడమంటే పొయ్యి మీద పెనానికి ఆనించినట్టే. మా తాత తర్వాత మేటయ్యేడు. ఆయన కుడి చెంప మీద చర్మం నల్లగా కమిలిపోయి ఉండేది. చిన్నప్పుడు నేను ఆ మచ్చ మీద వేలు పెట్టి ఆడుకునేవాణ్ణి.

మా నాన్న తరానికి వర్క్‌షాపు. అక్కడ ఇత్తడి బిళ్ళ. మనిషికో నంబరు, బిళ్ళ మీద ఆ నంబరు కొట్టి ఉండేది. కూత కూసేలోపు గేటు దాటి బిళ్ళ అందుకుంటే ఆ పూట జీతం, లేకపోతే లేదు. కూత అంటే మామూలు కూత కాదు, రెండు కోసుల దూరం వినపడేది. పెళ్ళి ముహూర్తాలు కూడా ఆ కూతని బట్టి సర్దుకునేవారు మనవాళ్ళు. ఫౌండ్రీలో, కమ్మరి షాపులో, బాయిలర్ల దగ్గర ఎక్కువ మనవాళ్ళే. బరువు పని, వేడి పని ఎక్కడుంటే అక్కడ తెలుగు వినపడేది. మా నాన్న బాయిలర్ షాపు. రివెట్లు కొట్టీ కొట్టీ యాభై ఏళ్ళు వచ్చేసరికి చెవులు పోయేయి. మా అమ్మ ఆయనతో మాట్లాడేటప్పుడు గట్టిగా అరిచేది. ఇరుగుపొరుగువాళ్ళు ఎవరూ అది తగువనుకునేవారు కాదు, అన్ని ఇళ్ళలోనూ అంతే.

కంపెనీ కట్టింది క్వార్టర్లు. అది నేను కాదనను. దొరలకి తోటల మధ్య బంగళాలు సౌత్ సైడు అనే పక్క, కూలీలకి వరసగా గదులు. ఆ పేటలకి పేర్లు కూడా వాళ్ళే పెట్టేరు, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ అని. ఇప్పటికీ అవే పేర్లు. అయితే గదులు వరసగా కట్టేస్తే ఊరైపోతాదా? ఊరు చేసింది వెనకాల వచ్చిన ఆడవాళ్ళు. మా నాయనమ్మ పెళ్ళై వెళ్ళినప్పుడు ఒక తిరగలి మోసుకెళ్ళింది. రాతి తిరగలి, రైల్లో! గార్డు దింపెయ్యమంటే పైట కప్పి దాని మీద కూర్చుండిపోయిందట. బెంగాలు దేశంలో దొరికేది ఉప్పుడు బియ్యం. ఆ అన్నం ఆమెకి నోట్లోకి దిగేది కాదు. చోళ్ళు ఇక్కణ్ణుంచి ఎవరొచ్చినా మూటగట్టుకుని తెచ్చేవారు. ఆ తిరగలి మీద విసిరి అంబలి కాచేది. మా వరసలో పది ఇళ్ళవాళ్ళు ఆ తిరగలి దగ్గరికే వచ్చేవారు. ఎవరి పిల్లకి ఒళ్ళు బాగాలేదు, ఎవరింట పెళ్ళి మాటలు, ఎవరి మొగుడు తాగొచ్చేడు, ఊరి సంగతులన్నీ అక్కడ తేలేవి.

అమ్మవారిని కూడా తీసుకెళ్ళిపోయేరు. అనకాపల్లి నూకాలమ్మకి మొక్కినవాళ్ళు, విజయనగరం పైడితల్లికి మొక్కినవాళ్ళు, వాళ్ళ ఊరి సత్తెమ్మకీ మరిడమ్మకీ మొక్కినవాళ్ళు, అంతా ఒక్కచోట పడ్డారు. ఎవరి అమ్మవారికి గుడి కట్టాలి? వేపచెట్టు కింద రాయి పెట్టి పసుపు పూసేరు. ఆ పూజని అక్కడ మాతా పూజ అంటారు. ఎండలు ముదిరేసరికి ఘటాలు నెత్తినెట్టుకుని, వేపకొమ్మలు పట్టుకుని, డప్పులతో వీధులమ్మట తిరుగుతారు. పసుపు నీళ్ళు పాదాల మీద పోస్తారు. మశూచి ఉన్న రోజుల్లో బీహారీ ఆడవాళ్ళూ, ఒడియా ఆడవాళ్ళూ కూడా బిందెలతో వచ్చి పోసేవారు. ఇక్కడ మనం ఒక వీధివాళ్ళు ఇంకో వీధి జాతరకి వెళ్ళడానికి వంద ఆలోచిస్తాం. అక్కడ అది లేదు. నాకు ఖరగ్‌పూర్‌లో అన్నింటికన్నా ఇష్టమైంది అదే.

పనిలో మాత్రం అణిచివేత ఉండేది. 1927లో వర్క్‌షాపులో మనుషుల్ని తీసేస్తామన్నారు. అప్పుడు సమ్మె పట్టేరు. ముందు నిలబడింది ఎవరనుకున్నారు? మన వి.వి. గిరి. బరంపురంలో పుట్టిన తెలుగువాడు, ఐర్లండులో బారిస్టరు చదివొచ్చినవాడు. బీఎన్నార్ కార్మికుల సంఘం పని భుజాన వేసుకున్నాడు. రాయి విసరకుండా, చెయ్యెత్తకుండా సమ్మె నడపాలన్నాడు. కంపెనీ గేట్లు మూసేసింది, నెలలు గడిచేయి, జీతాల్లేవు. మా నాయనమ్మ ముక్కుపుడక అప్పుడే గోల్‌బజార్లో తాకట్టుకెళ్ళింది, మళ్ళీ రాలేదు. అయినా ఇంట్లో ఎవరూ దాని గురించి బాధపడగా నేను వినలేదు. 1969లో గిరిగారు రాష్ట్రపతి అయినప్పుడు మా నాన్న రిటైరయ్యే వయసు. రేడియోకి చెవి ఆనించి విని, వీధంతా తిరిగి బెల్లం పంచేడు. ఏ బెల్లం? మన బెల్లమే, అనకాపల్లి నుంచి వచ్చినదే.

మా పక్కనే హిజ్లీ. అక్కడ ఇంగ్లీషోళ్ళు స్వాతంత్ర్యం కోసం పోరాడినవాళ్ళని నిర్బంధించేవారు. 1931 సెప్టెంబరు 16న ఆ ఖైదీల మీద కాల్పులు జరిపి ఇద్దర్ని చంపేసేరు. ఆ తుపాకుల చప్పుడు సంగతి మా నాన్న చెప్పేవాడు. స్వాతంత్ర్యం వచ్చేక అదే భవనంలో 1951లో దేశంలో మొట్టమొదటి ఐఐటీ పెట్టేరు. నేను అప్పటికి చిన్న గుంటణ్ణి. ఆ భవనం చూడ్డానికి సైకిలు ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేడు నాన్న. మీలో ఎవరైనా బాగా చదివి అక్కడికి వెళ్తే చెప్పండి, ఏ గది ఎక్కడుందో నేను చూపిస్తాను.

నా రోజులు ఎక్కువ చెప్పను. 1944లో కంపెనీ పోయి సర్కారుదైంది, 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే అని పేరు పడింది. నేను తెలుగు బడిలో చదివేను. పలక మీద అ ఆలు దిద్దించిన మాస్టారు శ్రీకాకుళం పక్క మనిషి. బడిలో తెలుగు, వీధిలో హిందీ, బజార్లో బెంగాలీ, ఆటల్లో మూడూ. దసరాకి న్యూ సెటిల్‌మెంట్ మైదానంలో రావణుణ్ణి కాలుస్తారు. ఆ జనంలో నన్ను ఒకసారి పోగొట్టుకుంటే ఒక సర్దార్జీ భుజాల మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చి దించేడు. తర్వాత నేనూ వర్క్‌షాపులోనే చేరేను. 1974 మేలో దేశమంతా రైళ్ళాగిపోయిన సమ్మెలో ఇరవై రోజులు నేనూ ఉన్నాను. ఆ ఇరవై రోజులూ వర్క్‌షాపు కూత వినపడలేదు. చంటిపిల్లలకి నిద్ర పట్టక ఏడ్చేరని మా వీధి ఆడవాళ్ళు చెప్పుకునేవారు.

ఒక సంగతి మాత్రం మీకు గట్టిగా చెప్పాలి. ఇక్కడివాళ్ళు మమ్మల్ని చూసి, పొట్టకూటికి పోయి పరాయిదేశం పట్టినవాళ్ళు అనేవారు. సంక్రాంతికి పాసు మీద వచ్చినప్పుడల్లా ఆ మాట వినేవాణ్ణి. పరాయిదేశం ఎలాగవుతాది? ఆ బయలు మీద మొదటి బావి తవ్విన చేతుల్లో మనవాళ్ళవి ఉన్నాయి. మొదటి వేపచెట్టు నాటింది మనవాళ్ళు. చచ్చిపోయినవాళ్ళని కాల్చింది ఆ నేల మీదే. మా తాత చోడవరంలో చచ్చిపోవాలని ఎంతో కోరుకున్నాడు, రెండుసార్లు వచ్చి ఉండబోయేడు కూడా. బండి చప్పుడు లేక నిద్రపట్టట్లేదని తిరిగి వెళ్ళిపోయేడు. ఆయన అస్థికలు కసాయిలోనే కలిసేయి. బడిలో తెలుగు పోకుండా, దరఖాస్తు తెలుగులో పెట్టుకునే హక్కు కోసం అక్కడి మనవాళ్ళు ఏళ్ళ తరబడి అడిగేరు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ సర్కారు తెలుగుని కూడా తమ అధికార భాషల్లో చేర్చింది. ఆ రోజు మా మేనల్లుడు ఫోన్ చేస్తే నేను మాట్లాడలేకపోయేను, మీ నాయనమ్మ అందుకుని మాట్లాడింది.

ఈ వేసవికి ఎలాగూ వెళ్దామంటున్నారు కదా. బండి ఖరగ్‌పూర్లో ఆగేక బేగి దిగి పరిగెత్తకండి. ఆ ప్లాట్‌ఫారం 1072 మీటర్ల పైన ఉంటాది. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడుగైందనేవారు, ఇప్పుడు హుబ్బళ్ళిలో అంతకన్నా పొడుగుది కట్టేరు. ఆ పొడుగునా నడుచుకుంటూ వెళ్ళండి, పక్కన ముసలివాళ్ళెవరైనా తెలుగులో మాట్లాడుతుంటే ఆగి పలకరించండి. “మీదే ఊరమ్మా?” అని అడుగుతారు. చోడవరం అని చెప్పండి. ఎవరో ఒకరు, తమ తాతది మాడుగుల అనో, వడ్డాది అనో, పాలకొండ అనో చెప్పి టీ ఇప్పిస్తారు. ఓల్డ్ సెటిల్‌మెంట్లో మా మేనల్లుడింట్లో దిగండి. తిరగలి ఇప్పుడు వాళ్ళింటి పెరట్లో ఉంది, పై రాయి కొంచెం అంచు విరిగింది గానీ తిరుగుతాది. వెళ్ళేటప్పుడు రెండు కుంచాలు చోళ్ళు పట్టుకెళ్ళండి.